మాడు వాసన ఇల్లు వదలడం లేదా? ఇలా వదిలించండి

పప్పు మాడింది, కిటికీలన్నీ తెరిచాం, అగరొత్తులు వెలిగించాం, రూమ్ స్ప్రే కొట్టాం, అయినా మూడో రోజు కూడా బయటినుంచి ఇంట్లోకి వస్తే అదే వాసన. ఏం చేయాలి? చాలామంది అడిగేది ఇదే. ఒకరింట్లో పప్పు, మరొకరింట్లో పాలు, ఇంకొకరింట్లో పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన కూర. జవాబు మాత్రం అందరికీ ఒకటే.

గాలిలో ఉన్న పొగ గంటా రెండు గంటల్లో బయటికి పోతుంది. మూడో రోజు వచ్చే వాసన గాలిలో మిగిలింది కాదు. పొగతో పాటు లేచిన సన్నని జిడ్డు, మసి అల్మరాల నెత్తిన, కిటికీ మెష్‌లో, కర్టెన్లలో, ఏసీ ఫిల్టర్‌లో కూర్చుని ఉంటాయి. అక్కడినుంచి మెల్లమెల్లగా వాసన వదులుతుంటాయి. ఎండ ఎక్కినప్పుడు, ముసురు పట్టినప్పుడు అది ఇంకాస్త ఎక్కువవుతుంది. అందుకే కిటికీలు తీయడంతో సగం పనే అవుతుంది. మిగతా సగం తుడవడం, ఉతకడం.

ముందు ఇది చూసుకోండి

పాలో, పప్పు నీళ్లో పొంగి మంట ఆరిపోయి ఉంటే మాడు వాసన వెనక గ్యాస్ వాసన కూడా దాగి ఉండొచ్చు. అనుమానం వస్తే సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరవండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో సహా ఏ స్విచ్చూ వేయొద్దు, తీయొద్దు. లీకేజీ అనిపిస్తే ఇంటి బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి. వాసన తొలగించే పని ఆ తర్వాతే.

ఖాళీ నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద ఉండిపోయి పొగ వచ్చిందా? ఆ పొగ పీల్చకూడదు. పొయ్యి ఆపి, కిటికీలు తెరిచి, గదిలోంచి బయటికి రండి. ఇంట్లో చిలకలు, లవ్ బర్డ్స్ ఉంటే అన్నిటికంటే ముందు పంజరాన్ని బయటికి తీయండి. ఆ పొగకు పక్షులు ప్రాణాలు కోల్పోతాయి.

కావలసినవి

- వంట సోడా, 200 గ్రాములు
- తెల్ల వెనిగర్, ఒక సీసా (వాడకూడని చోట్లు ఉన్నాయి, కింద చెప్పాం)
- గిన్నెలు తోమే లిక్విడ్
- వేడి నీళ్లు, రెండు బకెట్లు
- పాత కాటన్ గుడ్డలు నాలుగైదు. వాటిలో ఒకటి తెల్లది ఉండాలి, చివర్లో పరీక్షకు పనికొస్తుంది
- పాత టూత్ బ్రష్, మెత్తటి స్క్రబ్బర్, చెక్క గరిటె
- రబ్బరు గ్లవ్స్
- టేబుల్ ఫ్యాన్ ఉంటే మంచిది
- స్టూలు లేదా చిన్న నిచ్చెన

ఖరీదైనవేవీ అక్కర్లేదు. వంటిల్లు, హాలు కలిపి ఒక పూట పని. కర్టెన్లు ఆరడానికి ఇంకో రోజు.

1. మాడినదాన్ని ఇంట్లోంచి పంపండి

పొయ్యి ఆపండి. గిన్నెకు మూత పెట్టి, పట్టకారుతో పట్టుకుని బాల్కనీలోకో పెరట్లోకో తీసుకెళ్లండి. కింద బండ గాని, ఇటుక గాని ఉండాలి. ప్లాస్టిక్ చాప మీద పెడితే రెండో వాసన మొదలవుతుంది.

మాడింది నూనె అయితే మాత్రం కదపొద్దు. పొయ్యి ఆపి, మూత వేసి, పూర్తిగా చల్లారేదాకా అక్కడే వదిలేయండి. నూనెకు మంట అంటుకున్నా ఇదే పద్ధతి: మూత వేయాలి, నీళ్లు అసలు పోయకూడదు. కుక్కర్ అయితే ప్రెషర్ దానంతట అది దిగేదాకా మూత జోలికి పోవద్దు.

ఎక్కువమంది చేసే పని, కణకణలాడే గిన్నెను సింక్‌లో పెట్టి కుళాయి తిప్పడం. ఒక్కసారిగా లేచే ఆవిరి అడుగున ఉన్న మాడు వాసనంతా ఇల్లంతా చిమ్ముతుంది. చెయ్యి కాలుతుంది. అల్యూమినియం గిన్నె అడుగు వంకర పోతుంది, నాన్‌స్టిక్ పూత దెబ్బతింటుంది. ముందు చల్లారనివ్వండి.

చల్లారాక మాడిన పదార్థాన్ని కవర్లో వేసి, ముడి వేసి, ఇంటి బయట చెత్తలో పడేయండి. వంటింటి చెత్తబుట్టలో వేయకండి, సింక్‌లో అసలే పోయకండి. సింక్ గొట్టం వంపులో నిలిచిన మాడు ముద్ద వారం పాటు వాసన కొడుతుంది, అది ఎక్కడినుంచి వస్తోందో తెలియక మీరు గోడలు కడుగుతుంటారు.

2. గాలికి ఒక దారి పెట్టండి

అన్ని కిటికీలూ, అన్ని తలుపులూ ఒకేసారి తెరిస్తే పొగ బయటికి పోవడం కన్నా ఇల్లంతా తిరగడం ఎక్కువ. వరుస ఇదీ:

పడకగదుల తలుపులు, బీరువాలు, పూజగది తలుపు మూసేయండి. సీలింగ్ ఫ్యాన్లు, ఏసీ ఆపేయండి. సాధారణ స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. పొగ ఉండగా అది నడిస్తే మాడు జిడ్డంతా దాని ఫిల్టర్‌లోకి చేరుతుంది.

తర్వాత వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్, చిమ్నీ ఎక్కువ వేగంలో పెట్టండి. వంటింటికి దూరంగా, హాలు అవతలి వైపు ఉన్న ఒక కిటికీ తెరవండి. ఎగ్జాస్ట్ పక్కనే ఉన్న కిటికీని మాత్రం మూసి ఉంచండి. అది తెరిచి ఉంటే ఫ్యాన్ ఆ కిటికీ గాలినే లాగి బయటికి తోస్తుంది, హాల్లో ఉన్న పొగ కదలదు. చాలా ఇళ్లలో ఎగ్జాస్ట్ పనిచేయడం లేదనుకోవడానికి కారణం ఇదే.

ఎగ్జాస్ట్ లేకపోతే టేబుల్ ఫ్యాన్‌ను వంటింటి కిటికీ దగ్గర, ముఖం బయటికి ఉండేలా పెట్టండి. గాలి ఎటు పోతోందో తెలియాలంటే వంటింటి గుమ్మం దగ్గర సన్నటి టిష్యూ ముక్క పట్టుకోండి. అది వంటింటి వైపు ఊగాలి. హాలు వైపు ఊగుతుంటే బయట గాలి ఎదురుగా కొడుతోందని అర్థం. అప్పుడు వంటింటి కిటికీ తెరిచి, ఫ్యాన్‌ను హాలు కిటికీకి మార్చండి.

ఇలా కనీసం 45 నిమిషాలు. అపార్ట్‌మెంట్ అయితే వీధి తలుపు తెరవకండి. వాసన కారిడార్‌లోకి పోయి అక్కడే నిలుస్తుంది, పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొడతారు.

3. గిన్నె, కుక్కర్

మాడిన గిన్నెను "రేపు చూద్దాం" అని వంటింట్లోనే పెట్టుకుంటే మిగతా పనంతా దండగ. ఇవాళే తేల్చండి, లేకపోతే బయట ఉంచండి.

స్టీలు గిన్నె: మాడు మునిగేదాకా నీళ్లు, రెండు చెంచాల వంట సోడా వేసి సన్న మంట మీద 10 నిమిషాలు మరిగించండి. చల్లారాక చెక్క గరిటెతో గీరితే పొరలుగా లేస్తుంది. మొండిగా ఉంటే అదే నీళ్లలో రాత్రంతా నానబెట్టి మళ్లీ చేయండి.

అల్యూమినియం గిన్నె: సోడా వద్దు, నల్లబడుతుంది. లీటరు నీళ్లకు నాలుగు చెంచాల వెనిగర్ గాని, నిమ్మకాయంత చింతపండు గాని వేసి మరిగించండి.

నాన్‌స్టిక్: గోరువెచ్చని నీళ్లు, లిక్విడ్ వేసి నానబెట్టి మెత్తటి స్పాంజితో మాత్రమే తోమండి. పూత లేచిపోయి ఉంటే ఇక దాన్ని వాడకండి.

ఇనుప మూకుడు: గుప్పెడు గళ్ల ఉప్పు, కొద్దిగా నూనె వేసి గుడ్డతో రుద్దండి. కడిగి, వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి, పలుచగా నూనె రాయండి.

మట్టి కుండ: సబ్బు, లిక్విడ్ తగలనివ్వకండి, కుండ పీల్చుకుంటుంది. సోడా కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, కొబ్బరి పీచుతో తోమి, రెండు రోజులు ఎండలో పెట్టండి. అప్పటికీ వాసన ఉంటే అందులో ఇక వంట కుదరదు. మొక్క పెట్టుకోండి.

మరిగించేటప్పుడు మాడు వాసన మళ్లీ లేస్తుంది, కంగారు పడకండి. ఎగ్జాస్ట్ నడుస్తూ ఉండాలి, అంతే.

కుక్కర్ దగ్గర ఇంకొంచెం ఓపిక కావాలి. గిన్నె తళతళలాడుతున్నా వాసన పోవడం లేదంటే అది మూతలో ఉన్న రబ్బరుది. గ్యాస్కెట్ తీసి, లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల సోడా కలిపి గంటసేపు నానబెట్టి, నీడలో ఆరబెట్టండి. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఇంకా మాడు కొడుతుంటే కొత్తది కొనడమే మేలు. దాని ఖరీదు తక్కువ, అది చెడగొట్టే పప్పు ఖరీదు ఎక్కువ.

వెయిట్ పెట్టే గొట్టంలోంచి వెలుతురుకు పెట్టి చూడండి. అవతల కనిపించాలి. కనిపించకపోతే మాడు మెతుకు ఇరుక్కుని ఉంది, సన్నటి తీగతో తీసేయండి. నీళ్లన్నీ ఇగిరిపోయి కుక్కర్ ఖాళీగా కాలి ఉంటే సేఫ్టీ వాల్వ్ కరిగి ఉండొచ్చు. అది కరగడానికే పెట్టినది. అదే కంపెనీ వాల్వ్ కొత్తది వేయించండి, మరేదైనా పెట్టి రంధ్రం మూసే ప్రయత్నం చేయొద్దు. కుక్కర్ అడుగు ఉబ్బి, గట్టు మీద పెడితే ఊగుతుంటే దాన్ని పక్కన పెట్టేయాల్సిందే.

పాత్ర బాగైందో లేదో ఇలా చూడండి: అందులో మంచినీళ్లు పోసి ఐదు నిమిషాలు మరిగించి ఆవిరి వాసన చూడండి. ఖాళీ గిన్నె వాసన చూస్తే తెలియదు, ఆవిరిలో తెలిసిపోతుంది.

4. పొయ్యి, గట్టు, అల్మరాలు

పొయ్యి చల్లారాక, రెగ్యులేటర్ కట్టేసి, బర్నర్లు తీయండి. పొంగినవి బర్నర్ కింద ప్లేటులో, స్టవ్ కింది గట్టు మీద ఎండి ఉంటాయి. స్టవ్ వెలిగించిన ప్రతిసారీ అవి మళ్లీ మాడతాయి. "వంట మొదలుపెట్టగానే వాసన వస్తోంది" అనేవాళ్లు స్టవ్ ఎత్తి కింద చూడండి. బర్నర్లను వేడి నీళ్లు, లిక్విడ్‌లో అరగంట నానబెట్టి బ్రష్‌తో రుద్ది, రంధ్రాలు సూదితో తీసి, పూర్తిగా ఆరాకే బిగించండి. తడిగా బిగిస్తే మంట సరిగా రాదు. మంట నీలంగా రావాలి. పసుప్పచ్చగా వస్తుంటే రంధ్రాల్లో ఇంకా ఏదో ఉన్నట్టే.

తర్వాత తుడవడం. లీటరు వేడి నీళ్లకు ఒక చెంచా లిక్విడ్. పై నుంచి కిందికి రావాలి. జిడ్డు పొగ వేడిగా పైకి లేస్తుంది కాబట్టి ఎక్కువ పేరుకునేది కంటికి కనపడని పై భాగాల్లోనే: అల్మరాల నెత్తి, ఫ్రిజ్ నెత్తి, తలుపు పైన చెక్క, ట్యూబ్‌లైట్ పట్టీ, గోడ గడియారం, అటక అంచు. వాటి తర్వాత అల్మరా తలుపులు, టైల్స్, స్విచ్ బోర్డుల చుట్టూ (ఆరిన గుడ్డతో మాత్రమే), చివర్లో గట్టు, నేల. ఒకసారి లిక్విడ్ నీళ్లతో, రెండోసారి మంచినీళ్ల గుడ్డతో, మూడోసారి పొడి గుడ్డతో తుడవాలి. గుడ్డ మురికైన వెంటనే మార్చకపోతే ఒక చోటి జిడ్డును ఇంకో చోటికి పూసినట్టవుతుంది.

వెనిగర్ ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడకూడదు అన్నదాంట్లో చాలామంది పొరబడతారు. సమానంగా నీళ్లు కలిపిన వెనిగర్ టైల్స్ మీద, గాజు మీద, స్టీలు సింక్‌లో బాగా పనిచేస్తుంది. మార్బుల్ మీద మాత్రం పడనివ్వకండి. తాండూరు బండలు, షాబాద్ బండలు, కడప బండలు కూడా సున్నపురాయి జాతివే, పులుపు తగిలితే మెరుపు పోయి తెల్లటి మచ్చలు పడతాయి. మన ఊళ్లలో చాలా వంటిళ్ల నేలలు, గట్లు ఇవే. నిమ్మరసానికీ ఇదే మాట. గ్రానైట్ గట్టు మీద కూడా లిక్విడ్ నీళ్లు చాలు.

గోడల సంగతి వేరు. ఎమల్షన్ పెయింట్ అయితే పిండిన గుడ్డతో తుడవొచ్చు. డిస్టెంపర్ అయితే ముందు మూల ఒక చోట రుద్ది చూడండి, గుడ్డకు రంగు అంటితే ఆగిపోండి. సున్నం గోడను తుడిచి లాభం లేదు, పొడి గుడ్డతో దులిపి మళ్లీ ఒక పూత సున్నం వేయడమే.

5. చిమ్నీ, ఎగ్జాస్ట్, కిటికీ మెష్

చిమ్నీ ఫిల్టర్లు తీసి వేడి నీళ్లు, లిక్విడ్‌లో అరగంట నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. స్టీలు బాఫిల్ (రేకుల) ఫిల్టర్లకు బట్టల సోడా కూడా వేయొచ్చు, లీటరుకు రెండు చెంచాలు, గ్లవ్స్ తప్పనిసరి. అల్యూమినియం జాలీ ఫిల్టర్లకు సోడా వద్దు. ఫిల్టర్ లేని చిమ్నీ అయితే నూనె చేరే కప్పు ఖాళీ చేసి కడగండి. గొట్టం బయటికి లేకుండా గాలిని మళ్లీ వంటింట్లోకే వదిలే చిమ్నీలో బొగ్గు ఫిల్టర్ ఉంటుంది. అది కడగడానికి పనికిరాదు, గట్టిగా పొగ పట్టిందంటే మార్చాల్సిందే.

ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు కరెంటు ఆపి, రెక్కలు తుడవండి.

అందరూ మరిచిపోయేది దోమల మెష్. ఎగ్జాస్ట్ లాక్కునే గాలి, కిటికీలోంచి పోయే పొగ దాని గుండానే పోతాయి, జిడ్డు దానికే పడుతుంది. వెల్క్రో మెష్ అయితే ఊడదీసి సబ్బు నీళ్లలో ఉతకండి. ఫ్రేముకు బిగించిన స్టీలు మెష్‌ను తడి బ్రష్‌తో రెండు వైపులా రుద్దండి. మడతలు పడే మెష్‌ను నానబెట్టకండి, మెత్తటి బ్రష్‌తో దులిపి తడి గుడ్డ అద్దండి చాలు.

6. గుడ్డలు

వంటింట్లో ఉన్న గుడ్డ ప్రతిదీ ఉతుక్కు వెళ్లాలి: మసిగుడ్డలు, ఏప్రాన్, కాళ్లు తుడుచుకునే పట్టా, ఫ్రిజ్ మీది కవర్, మిక్సీ మీది గుడ్డ. గిన్నెలు తోమే పాత స్పాంజి పడేయండి. హాల్లో కర్టెన్లు, సోఫా కవర్లు, దిండు గలీబులు. స్టాండ్ మీద ఆరేసిన బట్టలు ఆ సమయంలో ఇంట్లోనే ఉంటే అవి కూడా.

బకెట్ నీళ్లకు అర కప్పు వంట సోడా కలిపి గంటసేపు నానబెట్టి, తర్వాత మామూలుగా ఉతకండి. ఎండలో, బయట ఆరేయండి. వాసన ఉన్న ఇంట్లోనే ఆరేస్తే తడి గుడ్డ దాన్ని మళ్లీ పట్టుకుంటుంది.

ఉతకలేని సోఫా, పరుపు మీద వంట సోడా పలుచగా జల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున వాక్యూమ్‌తో గాని మెత్తటి చీపురుతో గాని తీసేయండి. రెగ్జిన్, తోలు సోఫాలకు సోడా వద్దు, పిండిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. పట్టుచీరలకు వాసన పట్టి ఉంటే నీడలో, గాలి ఆడేచోట దండెం మీద రెండు రోజులు వేలాడదీయండి. వాటి మీద స్ప్రేలు, సోడాలు ప్రయోగించకండి.

7. ఏసీ, కూలర్

వాసన పోయిందనుకుని రాత్రి ఏసీ వేయగానే గదంతా మాడు వాసన నిండడం చాలామందికి అనుభవం. ఏసీ ఆపి, మెయిన్ స్విచ్ కూడా కట్టేసి, ముందు ప్యానెల్ ఎత్తి ఫిల్టర్లు తీయండి. సబ్బు నీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. తర్వాత కిటికీలు తెరిచి, ఫ్యాన్ మోడ్‌లో అరగంట నడపండి.

ఫ్యాన్ మోడ్‌లో వాసన లేదు గాని చల్లదనం మొదలయ్యాక వస్తోందంటే జిడ్డు లోపలి కాయిల్ మీద ఉంది. అది మెకానిక్ నీళ్లతో కొట్టి చేసే సర్వీసుతోనే పోతుంది. మీరే కాయిల్ మీద వెనిగర్ చల్లకండి, అల్యూమినియం రేకులు పాడవుతాయి.

కూలర్ నడుస్తుండగా పొగ వచ్చి ఉంటే నీళ్లు పారబోసి, తొట్టి కడగండి. గడ్డి ప్యాడ్లకు వాసన పడితే ఉతికి లాభం లేదు, మార్చండి.

8. మిగిలిన కాస్త వాసనకు

ఇక్కడిదాకా వచ్చాకే వాసన పీల్చే వస్తువుల అవసరం. వెడల్పాటి ప్లేట్లలో వంట సోడాను పలుచగా పరిచి, గదికి రెండు చొప్పున, రాత్రి తలుపులు మూసి పెట్టండి. గిన్నెలో కుప్పగా పోస్తే పై పొరే పనిచేస్తుంది. పొద్దున తీసి సింక్‌లో పోసి వేడి నీళ్లు వదలండి, సింక్ గొట్టం వాసనకూ పనికొస్తుంది. రెండు మూడు రాత్రులు కొత్త సోడాతో చేయండి. అక్వేరియం దుకాణాల్లో దొరికే యాక్టివేటెడ్ కార్బన్ ఇంకా బాగా పీలుస్తుంది. ఇస్త్రీ బొగ్గు కూడా కొంత పనిచేస్తుంది గాని అంత కాదు.

దాల్చినచెక్క, లవంగాలు మరిగించడం, నిమ్మచెక్కలు పెట్టడం ఇంటికి మంచి వాసన ఇస్తాయి, చెడ్డ వాసనను తీయవు. చుట్టాలు గంటలో వస్తున్నారంటే చేసుకోండి, తప్పులేదు. దాన్నే వైద్యం అనుకోవద్దు.

మాడింది ఏదన్నదాన్ని బట్టి

పోపులో ఎండుమిరపకాయలు మాడితే వాసన కన్నా ఘాటు సమస్య. పొయ్యి ఆపి, మూత వేసి, దగ్గు తగ్గేదాకా బయట నిలబడండి. గట్టు తుడిచేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, ఆ చేత్తో కళ్లు ముట్టుకోకండి. ఇది త్వరగానే పోతుంది, 1, 2 స్టెప్పులు చాలు.

చేపలు వేయించినప్పుడు మాడితే రెండు వాసనలు కలుస్తాయి. నీచు వాసనకు పులుపు విరుగుడు, కాబట్టి ఇక్కడ వెనిగర్‌కు నిజంగా పని ఉంది. టైల్స్, స్టీలు సామాను, కటింగ్ బోర్డు వెనిగర్ నీళ్లతో తుడిచాక లిక్విడ్ వాడండి. వేయించిన నూనెను దాచుకోకండి.

మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ మాడితే వెంటనే తలుపు తెరవకండి, అది ఆపి పొగ అణిగేదాకా ఉంచండి. తర్వాత గాజు గిన్నెలో కప్పు నీళ్లు, అర నిమ్మచెక్క వేసి, ఒక చెక్క చెంచా అందులోనే ఉంచి మూడు నిమిషాలు నడపండి. చెంచా లేకుండా మరిగిస్తే నీళ్లు ఒక్కసారిగా పైకి ఎగజిమ్మే ప్రమాదం ఉంది. పది నిమిషాలు తలుపు మూసి ఉంచి, లోపలంతా, ముఖ్యంగా పైకప్పు, తిరిగే ప్లేటు కింద, తలుపు రబ్బరు తుడవండి. రాత్రి తలుపు కాస్త తెరిచి ఉంచండి.

అమెరికా, యూరప్ దేశాల్లో ఉన్న మనవాళ్లకు రెండు తేడాలు. చాలా అపార్ట్‌మెంట్లలో స్టవ్ మీది ఫ్యాన్ గాలిని బయటికి పంపదు, ఫిల్టర్ చేసి లోపలికే వదులుతుంది. కాబట్టి కిటికీలో ఫ్యాన్ తప్పదు, చలికాలమైనా సరే, పది నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు. రెండోది, ఇల్లంతటికీ ఒకటే హీటింగ్, ఏసీ ఉంటే పొగ రాగానే దాన్ని ఆపి, తర్వాత దాని ఫిల్టర్ మార్చండి. లేకపోతే అన్ని గదుల కార్పెట్లకూ వాసన పడుతుంది. స్మోక్ అలారం మోగుతోందని బ్యాటరీ తీసి మరిచిపోకండి.

ఎక్కడ తప్పుతారు

అగరొత్తులు, సాంబ్రాణి, కర్పూరం: ఇవి కూడా పొగే. మాడు జిడ్డు మీద ఇంకో పొర వేసినట్టు. ఇల్లు తుడిచాక మీ ఇష్టం, ముందు మాత్రం వద్దు.

వెనిగర్, వంట సోడా కలిపి పొంగించడం: చూడడానికి బాగుంటుంది. రెండూ ఒకదాన్నొకటి విరుచుకుని చివరికి ఉప్పు నీళ్లలాంటిది మిగులుతుంది. విడివిడిగా వాడండి.

బ్లీచింగ్‌తో వెనిగర్ గాని, టాయిలెట్ యాసిడ్ గాని కలపడం: విషవాయువు పుడుతుంది. మూసిన వంటింట్లో ఇది మాడు వాసనకన్నా పెద్ద ప్రమాదం.

ఓజోన్ యంత్రాలు అద్దెకు తెచ్చి మనుషులు ఉండగా నడపడం: ఊపిరితిత్తులకు హాని. వంటింటి మాడుకు అంత అక్కర్లేదు.

నేల మాత్రమే కడగడం: జిడ్డు ఎక్కువ ఉన్నది నెత్తి మీద.

పోయిందో లేదో తేల్చుకోవడం

ఇంట్లో ఉన్నవాళ్ల ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది, దాన్ని నమ్మకండి. 20 నిమిషాలు బయట తిరిగి వచ్చి, తలుపు తీసిన మొదటి శ్వాసలో ఏం వచ్చిందో చూడండి. లేదా పక్కింటివాళ్లను ఒకసారి లోపలికి పిలవండి.

అసలు పరీక్ష మూసిన ఇంట్లో. రాత్రంతా కిటికీలు మూసి, పొద్దున ఒక్కో గది తలుపు తీస్తూ వెళ్లండి. వాసన ఎక్కువున్న గదిలోనే ఇంకా ఏదో మిగిలి ఉంది. అక్కడ తడిపి పిండిన తెల్ల గుడ్డతో అల్మరా నెత్తి, తలుపు పై అంచు, ఫ్యాన్ రెక్క తుడిచి చూడండి. గుడ్డ గోధుమరంగు జిడ్డు పట్టిందంటే 4వ స్టెప్పు మళ్లీ చేయాలి. బూడిదరంగు దుమ్ము మాత్రమే వచ్చిందంటే అది మామూలు దుమ్మే.

గుడ్డల మీద అనుమానముంటే ఒక కర్టెన్‌ను శుభ్రమైన పాలిథిన్ కవర్లో పెట్టి ముడివేసి, అరగంట ఎండలో ఉంచి, విప్పగానే వాసన చూడండి. వేడికి దాగున్నది బయటపడుతుంది.

వారం దాటినా, ఇవన్నీ చేసినా వాసన ఉంటే మూడు చోట్లు వెతకండి. సింక్ కింద గొట్టం వంపు విప్పి కడిగించండి. స్టవ్ వెనక, ఫ్రిజ్ వెనక గోడకూ సామానుకూ మధ్య పడిన మెతుకులు చూడండి. చివరిది, ఆ వాసన నిజంగా వంటదేనా అన్నది. ప్లాస్టిక్ కాలినట్టుగానో, చేప నీచులాగానో ఉండి, ఫ్రిజ్ లేదా గ్రైండర్ నడిచినప్పుడే వస్తుంటే అది ప్లగ్గు, వైరు, మోటారు వేడెక్కిన వాసన కావచ్చు. ఆ స్విచ్ వాడకుండా మెయిన్ దగ్గర ఎంసీబీ దించి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.